సాక్షి శబ్దములు చేసెను

ఎర్రబండ,
నల్లగొండ జిల్లా,
18-2-1961.

మహారాజశ్రీ నందికొండ ఆనకట్ట టైంకీపరు ఎల్లేశం గారి సముఖమునకు,

ఎల్లెల్బీ పాసై ఏడు నెలలుగా సీనియరు అమరేందర్ గారి నల్లకోటు దులపడమే ప్రాక్టీసుగా పెట్టుకున్న జాఫర్ సవినయంగా విన్నవించునది ఏమనగా, మీ అవ్వ నిన్న మా తాలూకా కోర్టును తలకిందులు చేసింది. హైదరాబాదులో మన కిరాయి గదికి జొన్నరొట్టెల మూట మోసుకొచ్చి, మనుమడివైన నిన్నూ, నీ దోస్తునైన నన్నూ బి.ఏ. దాకా బతికించిన ఆ బీరమ్మే.

నీకు తెలిసిన సంగతే అయినా కోర్టు పద్ధతి ప్రకారం మొదటి నుంచి చెప్తాను. దీపావళి దాటాక మీ మంద కోసిన జొన్నచేలో పడుకున్నప్పుడు ఇరవై రెండు గొర్రెలు మాయమయ్యాయి గదా. పదిరోజులకు అవి మాంసం బేరగాడు గుర్వయ్య దొడ్డిలో దొరికాయి. అవ్వ గుర్తుగా పెట్టే చెవికోత మీద కొత్తగా మరో కోత పడి ఉంది. 'సంతల కొన్న' అంటాడు గుర్వయ్య. పోలీసులు దొంగతనం కేసు పెట్టారు. నిన్న ఆ ఇరవై రెండింటినీ కోర్టు ఆవరణలోకి తోలి, అవ్వను సాక్షి బోనెక్కించారు.

మేజిస్ట్రేటు గారు సర్కారు జిల్లాల నుంచి కొత్తగా వచ్చారు. కూర్చున్నా లేచినా ఇస్త్రీ చెడని మనిషి.

"చెవి గుర్తులు చెడిపోయాయి గదా. ఇవి నీ గొర్రెలేనని ఎలా చెప్పగలవు?" అని అడిగారు.

"రెండు మందలు వాగుకాడ కలిసిపోతే ఎట్ల ఏరుకుంటం దొరా? చెవులు చూసుకుంట కూసుంటమా? గాయన గా దిక్కు నిలవడి పిలుస్తడు. నేను గీ దిక్కు నిలవడి పిలుస్త. ఎవలియి వాళ్ల దిక్కు పోతయ్."

"అదంతా వద్దు. ఇక్కడ ఎలా గుర్తుపడతావు?"

"గిట్లనే. జర కాళ్లు మీదికి పెట్టుకో దొరా," అన్నది అవ్వ.

అని పిలిచింది. నాలుక అంగిట్లో కొట్టి, ఆపైన పొడుగ్గా తీసి, చివర కత్తిరించినట్టు ఆపి. నీకు వర్ణించడమేమిటి, నీవు ఆ పిలుపు వింటూనే పెరిగావు.

ముందు ఒక నల్లమూతి గొర్రె గుమ్మంలో తల పెట్టింది. జవాను తలుపు మూయబోయాడు గానీ అప్పటికే ఆలస్యమైంది. ఇరవై రెండూ లోపలికొచ్చాయి. ముద్దాయి గుర్వయ్య బెంచీ ఎక్కాడు. నల్లమూతిది సరాసరి దొరవారి బల్ల కింద దూరింది. దొరవారు మీ అవ్వ సలహాను అక్షరాలా పాటించి కాళ్లు కుర్చీలోకి తీసుకున్నారు. కోర్టంతా నవ్వింది. న్యాయవాదిగా నా మర్యాద కాపాడుకోవాలి కాబట్టి నేను శిక్షాస్మృతిలో ముఖం దాచుకుని నవ్వాను.

పేష్కారు రజాక్ సాబ్ కలం మాత్రం ఆగిపోయింది. ముప్ఫై ఏళ్లు ఉర్దూలో వాంగ్మూలాలు రాశాడు, ఇప్పుడు ఇంగ్లీషులో రాస్తున్నాడు. ఈ పిలుపు ఏ భాషలో రాయాలి? చివరికి 'సాక్షి శబ్దములు చేసెను' అని రాసి ఊరుకున్నాడు. దొరవారు విసురుగా లేచి బంగళాకు వెళ్లిపోయారు.

అవ్వ క్షేమం.

ఇట్లు,
నవ్వి నవ్వి డొక్కలు నొప్పిపెట్టిన
జాఫర్


నందికొండ,
27-2-1961.

జాఫర్,

నీ ఉత్తరం చదివి బాగా నవ్వాను. రెండోసారి చదివితే నవ్వు రాలేదు. బంగళాకు పోయిన మేజిస్ట్రేటు తర్వాత ఏం చేశాడు? అంత పెద్ద ఉత్తరం రాసినవాడివి అది ఒక్కటీ ఎందుకు మరిచావు?

ఇంకో మాట. ఇకమీద ఇట్లా అయిదారు కార్డులు వరుసగా రాయకు, కవరులో రాయి. ఇక్కడ ఉత్తరాలన్నీ ముందు ఆఫీసులోకి వస్తాయి. నాది ఇంకా టెంపరరీ ఉద్యోగమే. అవ్వ గొర్లు కాస్తుందని ఇక్కడ ఎవరికీ తెలియదు. ఇంట్లో ఏం చేస్తారని ఓవర్సీయరు అడిగితే వ్యవసాయం అని చెప్పాను.

ఎల్లేశం


ఎర్రబండ,
9-3-1961.

వ్యవసాయదారుల వంశోద్ధారకుడు ఎల్లేశం గారికి,

కవరులోనే రాస్తున్నాను. జిగురు రెండుసార్లు పూశాను.

దొరవారు ఆ సాయంత్రం ఏమీ చేయలేదు. రాత్రంతా కుర్చీలో కాళ్లు పెట్టుకున్న సంగతే గుర్తొచ్చి ఉండాలి. తెల్లారి పదిన్నరకు వచ్చి కూర్చుని, కోర్టు పని నడుస్తుండగా బుద్ధిపూర్వకంగా అవమానించినందుకు బీరమ్మకు వంద రూపాయల జరిమానా, కట్టకపోతే పదిహేను రోజుల సాదా ఖైదు అని ఆర్డరు చదివారు. కోర్టు ధిక్కారమట!

ఇక్కడ నేను నవ్వుతూ రాయలేకపోతున్నాను, క్షమించు. తన కళ్లముందు తన కోర్టునే అవమానిస్తే మేజిస్ట్రేటు తానే శిక్ష వేయవచ్చునని క్రిమినల్ ప్రొసీజరు కోడులో ఉంది. అయితే అదే దినం, కోర్టు లేవకముందే విచారణకు తీసుకోవాలి. ఏం జరిగిందో రాయాలి. నిందపడిన మనిషి ఏమంటుందో అదీ రాయాలి. ఈయన ఒక రాత్రి పడుకుని లేచి వచ్చి వేశాడు. 'నీవేమంటావ్?' అని అవ్వను ఒక్కమాట అడగలేదు. మా సీనియరు లేచి కోడు తెరిస్తే, 'నాకు చట్టం నేర్పుతారా?' అన్నాడు. నేర్పవలసిన మాట నిజమే, కానీ అది జూనియర్లు పైకి అనగూడదు.

జిల్లా కోర్టులో అప్పీలు వేశాం. ఈ ఉత్తరం రాసే వేళకు అవ్వ ఇంట్లోనే ఉంది, మిగిలిన మంద కాస్తున్నది. నీవు ఫికర్ చేయకు.

జాఫర్


నందికొండ,
25-3-1961.

జాఫర్,

'ఈ ఉత్తరం రాసే వేళకు' అట! ఎంత తెలివిగా రాశావురా. వకీలువే, ఒప్పుకున్నాను.

నిన్న మా మెస్సుకు మాంసం వేసేవాడు వచ్చాడు. గుర్వయ్యే. ఇక్కడ కాంట్రాక్టు పట్టాడని నాకు అప్పటిదాకా తెలియదు. ఇరవైమంది పళ్లేలు పట్టుకుని వరుసలో నిలబడ్డ చోట, "ఏం టైంకీపరు సాబ్, మీ అవ్వ నాల్గొద్దులు జైలు కూడు తినొచ్చిందట గదా, మంచిగున్నదా పానం?" అన్నాడు. ఓవర్సీయరు అక్కడే ఉన్నాడు.

మా అవ్వ జైల్లో ఉంటే నాకు చెప్పాల్సింది నువ్వు. వాడి నోటి నుంచి విన్నాను. వందరూపాయలు నేను పంపలేనా? ఎందుకు దాచావు?

ఎల్లేశం


ఎర్రబండ,
2-4-1961.

ఎల్లేశం,

బిరుదులు వేసి పిలిచే మొహం నాకిప్పుడు లేదు. నిజమే, దాచాను. అవ్వ దాచమన్నది. సబ్ జైలు గేటు దగ్గర గొంగడి భుజాన వేసుకుని నిలబడి నాతో అన్న మాటలు ఇవి:

"జాఫరూ, పోరనికి రాయకు కొడుకా. తెలిస్తే వాడు పైకం పంపుతడు. తప్పైందని కాగితం గూడ పంపుతడు. వాడు చిన్నప్పటి సంది గంతే. ఎవడన్న గద్దిరిస్తే తప్పెవలదో చూడడు, ముందుగాల తప్పైందంటడు."

జరిమానా కట్టడానికి నేనూ సిద్ధపడ్డాను. వినలేదు. "నా గొర్లను నేను పిలిచినందుకు దండుగా? కట్టను," అన్నది. జిల్లా కోర్టు జామీనిచ్చేదాకా నాలుగు రోజులు లోపల ఉంది. మొదటి దినమే జైలరు భార్యకు తాళ్లు పేనడం నేర్పిందట. మూడోనాటికి జైలరు స్వయంగా 'అవ్వా' అని పిలుస్తున్నాడు. ఇది చదివి నీవు నవ్వాలని రాయడం లేదు. ఆమెకు డెబ్బై దగ్గరపడ్డాయి. ఆ సిమెంటు నేల మీద పట్టుకున్న దగ్గు ఇంకా వదల్లేదు.

విడుదలైన తెల్లారి మేజిస్ట్రేటు గారు కబురు పెట్టారు. క్షమాపణ రాసిస్తే శిక్ష ఎత్తేస్తారట. చట్టంలో ఆ వీలూ ఉంది. రజాక్ సాబ్ కాగితం సిద్ధం చేసి ఉంచాడు. అవ్వ నన్ను చదవమన్నది. చదివాను: 'నేను కోర్టువారిని వెక్కిరించుటకై అర్థము లేని కూతలు కూసితిని. క్షమించవలెను.'

అవ్వ వేలికి సిరా కూడా పూశారు. ఆ వేలు అట్లాగే పైకి పట్టుకుని అడిగింది: "అర్థం లేని కూతలా? అట్లయితే గొర్లెందుకొచ్చినయ్ దొరా?"

ఆ కాగితం మీద వేలు పడితే ఏమవుతుందో అందరికంటే ముందు అవ్వకే తెలిసింది. చెవి గుర్తు పోయింది. ఇక ఆ గొర్రెలు ఆమెవని చెప్పడానికి ఉన్నది ఆ పిలుపొక్కటే. అది ఉత్త కూత అని వేలిముద్ర వేస్తే, గుర్వయ్య వకీలు ఆ కాగితం పట్టుకుని మందను తోలుకుపోతాడు. సిరా వేలును గొంగడికి తుడుచుకుని బయటికొచ్చింది. ఆ నల్ల మరక ఇంకా ఉంది, నీవు వస్తే చూపిస్తుంది.

నన్ను తిట్టు. ఆమె చెప్పినట్టు మాత్రం చేయకు.

జాఫర్


నందికొండ,
20-4-1961.

జాఫర్,

నీ మీద కోపం పోయింది. అవ్వకు దగ్గుమందు కొనివ్వు, పైకం మనియార్డరు చేస్తున్నాను. ఇక ఇదంతా దానంతటదే సర్దుకుంటుందని నాకనిపిస్తున్నది. పెద్దవాళ్లతో పంతానికి పోతే మనమే నలుగుతాం. నీవు కూడా అవ్వకు మెల్లగా చెప్పి చూడు.

ఇక్కడ ఎండలు మండుతున్నాయి. కూలీలకు మజ్జిగ పోస్తున్నారు. నేను బాగున్నాను.

ఎల్లేశం


ఎర్రబండ,
11-9-1961.

శాంతమూర్తి ఎల్లేశం గారికి,

అయిదు నెలలుగా నీ ఉత్తరాలన్నీ ఎండలు, వానలు, మజ్జిగ. నీవు టైంకీపరువా, వాతావరణ శాఖ వాడివా?

ఇక్కడి వాతావరణం విను. జిల్లా కోర్టు మన అప్పీలును రెండు వాక్యాల్లో కొట్టేసింది. మా సీనియరు గంటసేపు వాదించారు. జడ్జి గారు గడియారం చూశారు. 'జోక్యము చేసుకొనుటకు కారణము కనబడదు' అట. కనబడాలంటే కాగితాలు తెరవాలి గదా! ఇక హైకోర్టుకు వెళ్తున్నాం. అమరేందర్ గారు ఫీజు తీసుకోవడం లేదు. 'ఇది నా పౌరుషానికి సంబంధించినది' అన్నారు. ఆయనకు పౌరుషముందని ఏడాది దాటిన ప్రాక్టీసులో నేను కనిపెట్టలేకపోయాను.

గొర్రెలు పోలీసు పటేలు దొడ్డిలో కోర్టు సొత్తుగా ఉన్నాయి. ఇరవై రెండు ఇప్పుడు పందొమ్మిదయ్యాయి. రోగమొచ్చి పోయాయంటాడు పటేలు. గుర్వయ్య బండి మాత్రం ఆ దొడ్డి మీదుగానే నందికొండకు పోతున్నది. ఆదివారాలు మీ మెస్సులో కూర రుచిగా ఉంటున్నదా?

దొంగతనం కేసు ఆగి ఉంది. గుర్వయ్య వకీలు బజార్లోనే అంటున్నాడు: "కూతలు కూసినందుకు శిక్షపడ్డ ముసల్ది, ఆ కూతలతోనే గొర్లను గుర్తుపడ్తదట." హైకోర్టులో ఆ శిక్ష నిలిచిందంటే మంద పోయినట్టే.

అవ్వ దినం తప్పకుండా పటేలు దొడ్డి గోడ అవతల నిలబడి ఒక్కసారి పిలిచి వెళ్తుంది. అవి లోపల అరుస్తాయి. "మరువకుండ," అంటుంది. దగ్గు ఎక్కువైంది.

జాఫర్


హైదరాబాదు,
14-3-1962.

ఎల్లేశం,

హైకోర్టు ముందరి హోటల్లో కూర్చుని రాస్తున్నాను. చాయ్ చల్లారిపోయింది.

ఈ రోజు మన రివిజను విచారణకొచ్చింది. అమరేందర్ గారు చక్కగా మొదలుపెట్టారు. జడ్జి గారు వింటున్నారు, నిజంగా కాగితాలు తిరగేస్తున్నారు. అప్పుడు సర్కారు వకీలు లేచి, కింది కోర్టు ఫైలు నుంచి ఒక దరఖాస్తు తీసి చదివాడు. 'నా అవ్వ చదువు లేని ముసలిది. వయసు మీద పడి మతి స్థిమితము తప్పినది. కోర్టువారి యెదుట అర్థము లేని కూతలు కూసినది వాస్తవము. దయతో క్షమించవలెను.' రిజిష్టరు పోస్టులో వచ్చింది. తేదీ 12-4-1961. సంతకం నీది.

పదకొండు నెలలు! నాకు మజ్జిగ సంగతులు రాస్తూ ఈ కాగితాన్ని కడుపులో పెట్టుకుని కూర్చున్నావు. నేను నాలుగు రోజుల జైలు దాచినందుకు నా ముఖాన ఉమ్మినంత పని చేశావే. అది దాచమన్నది ఆమె. ఇది దాచమన్నది ఎవరు?

మతి స్థిమితం తప్పిందా అవ్వకు? కోర్టులో ఎవరికీ తోచని ప్రశ్న సిరా వేలు పైకెత్తి అడిగిన మనిషికా? బి.ఏ. చదివినవాడివి, అంత మంచి గ్రాంథికంలో అంత పచ్చి అబద్ధం ఎట్లా రాశావురా? గుర్వయ్య వకీలు దానికి సర్టిఫైడు నకలు తీసి పెట్టుకున్నాడట కూడా.

తీర్పు వాయిదా పడింది. అవ్వకు నేను చెప్పలేదు. నేను చెప్పను. ఈసారి మాత్రం దాచడం నీ మీద దయతో కాదు. ఆ మాట నీ నోటితో నీవే చెప్పాలి.

జాఫర్


నందికొండ,
22-3-1962.

జాఫర్,

నేనే రాశాను. గుర్వయ్య రాయించాడని చెప్పి తప్పించుకోను. వాడు రెండుసార్లు నా గదికొచ్చింది నిజం. "నీ టెంపరరీ నౌకరి పర్మినెంటు కావాల్నా వద్దా? ఇంజనీరు సాబ్ నా చేతి కూరే తింటడు," అన్నది నిజం. కానీ కలం పట్టింది నేను. 'అర్థం లేని కూతలు' అన్న మాట నీ ఉత్తరం నుంచే ఎత్తి రాశాను. చేయకు అని నీవు రాసిన ఉత్తరంలోంచే.

నీకు ఎన్నడూ చెప్పని ఒకటి చెప్తాను. మనం ఇంటరు చదివేటప్పుడు అవ్వ మందను పాలమూరు అడవుల వైపు తోలుకుపోతూ హైదరాబాదు శివారు దాకా వచ్చింది గుర్తుందా? రోడ్డు మీద మన క్లాసువాళ్లు ఆరుగురు ఉన్నారు. అవ్వ మందను పిలిచింది. వాళ్లు నవ్వారు. "ఎవర్రా ఆమె?" అని ఒకడు అడిగితే, తెలియదన్నాను. అవ్వ విన్నది. నన్ను దాటి పోయేటప్పుడు నా వైపు చూడలేదు, నాకు చిన్నతనం కాకూడదని. ఆ తర్వాత ఒక్కనాడూ ఆ మాట ఎత్తలేదు. దరఖాస్తు రాసేటప్పుడు కూడా నాకు అదే సిగ్గు. ఆ పిలుపు మాది కాదని మళ్లీ ఒకసారి చెప్పాను, అంతే.

మెస్సులో మాంసం మానేసి ఆరునెలలైంది. ఏది ఎవరిదో తెలియక.

ఎల్లేశం


ఎర్రబండ,
20-4-1962.

ఎల్లేశం,

తీర్పు వచ్చింది. మనం గెలిచాం. పండగ చేసుకుందామంటే చేతులు రావడం లేదు, కారణాలు కింద మనవి చేసుకుంటున్నాను.

తీర్పు చదివే ముందు జడ్జి గారు సర్కారు వకీలును ఒకటే అడిగారని మా సీనియరు వచ్చి చెప్పారు: "ఈ శబ్దాలు ఏ ప్రశ్న తర్వాత వచ్చాయి?" ఫైలు తెరిస్తే ఉన్నది ఇదీ. 'గొర్రెలను ఎట్లు గుర్తింతువు?' అని ప్రశ్న. దాని కింద 'సాక్షి శబ్దములు చేసెను.' దాని కింద 'కోర్టు లేచెను.' అంతే. తీర్పులో రాశారు: ప్రశ్నకు ఇచ్చిన జవాబును ప్రశ్నించినవారే అవమానమనుట తగదు. అవమానించాలన్న ఉద్దేశం ఎక్కడా రుజువు కాలేదు. కోర్టు లేచిన తర్వాత మరునాడు శిక్షించే అధికారం ఆ సెక్షను కింద లేదు. అన్నిటికంటే ముఖ్యం, ఆమె ఏమన్నదో రాయలేదు. నీ దరఖాస్తు గురించీ ఒక వాక్యముంది: మనుమడు పంపిన కాగితం మనుమడి మాట, ఆమె మాట కాదు. శిక్ష కొట్టివేశారు.

ఇంత చక్కటి తీర్పులో ఆమె సిమెంటు నేల మీద పడుకున్న నాలుగు రోజుల గురించి ఒక్క అక్షరం లేదు. ఆ పని చేసిన దొరవారు బదిలీ మీద పెద్ద ఊరికి వెళ్లారు, ఇస్త్రీ చెడకుండా. జిల్లా కోర్టు వారి గడియారం సరిగానే నడుస్తున్నది. పటేలు దొడ్డిలో గొర్రెలు పద్నాలుగైనాయి. న్యాయం గెలిచింది. ఎనిమిది గొర్రెలు కూరైపోయాయి.

అవ్వకు చదివి వినిపించాను. "పెద్దకోర్టు ఏమన్నదిరా?" అన్నది. నీ మాట రాసుకోకపోవడం తప్పన్నది, అన్నాను. "గా మాట నేను ఆ దినమే చెప్పిన గదా," అన్నది. గుసగుసగా అన్నది. నీవు బాధపడతావని ఆమె, ఆమె బాధపడుతుందని నేను, మళ్లీ ఒకటి దాచాం. ఇక దాచను. మొన్నటి చలికాలంలో అవ్వ గొంతు పోయింది. మాట వస్తున్నది గానీ పిలుపు రావడం లేదు. దొడ్డి గోడ దగ్గర రోజూ నిలబడుతుంది, గాలి తప్ప ఏమీ రాదు.

కొత్త మేజిస్ట్రేటు దొంగతనం కేసు మొదలుపెట్టాడు. మాటకారి కాడు, రాసుకునే మనిషి. హైకోర్టు తీర్పు బల్లమీదే పెట్టుకున్నాడు. జూన్ 21న గొర్రెలను వేరే మందలో కలిపి ఆవరణలో నిలబెడతాడట. అవ్వ గానీ ఇంటివాళ్లు గానీ పిలిచి చూపమన్నాడు. పిలవలేకపోతే గుర్తింపు లేనట్టే.

ఆ పిలుపు తెలిసినవాళ్లు లోకంలో ఇద్దరే. ఒకరికి గొంతు లేదు.

జాఫర్


నందికొండ,
3-6-1962.

జాఫర్,

ఒక్కరోజు సెలవు దొరికింది. కాగితం మీద కారణం రాయమంటే, 'మా అవ్వ గొర్రెలను కోర్టులో పిలవడానికి' అని రాశాను. హెడ్ గుమాస్తా రెండుసార్లు చదివి నా ముఖం చూశాడు. పర్మినెంటు లిస్టు వచ్చే నెల. ఏమైతే అదవుతుంది.

ఎనిమిదేళ్లుగా పిలవలేదు. డ్యూటీ దిగాక గుట్ట వెనక్కు పోయి పిలిచి చూస్తున్నాను. నిన్న ఎవరిదో మేక వచ్చింది.

అవ్వకు ఏమీ చెప్పకు. నేనే చెప్తాను.

ఎల్లేశం


ఎర్రబండ,
24-6-1962.

శ్రీ శ్రీ శ్రీ ఎల్లేశం గారికి,

పిలిచి, సంతకం పెట్టి, ఒంటిగంట బస్సుకు పరుగెత్తావు. నీవు గొర్రెల వైపు తిరిగి ఉన్నావు కాబట్టి నీ వీపు వెనక ఏం జరిగిందో నీకు తెలియదు. తెలియజేయడం నా వృత్తిధర్మం.

గుర్వయ్య వకీలు నీ దరఖాస్తు ఊపుతూ, "ఇది నీవు రాసిందేనా?" అని అడిగినప్పుడు అవ్వ నా పక్కనే బెంచీమీద ఉంది. "నేనే రాసిన," అన్నావు. "అయితే ఇందులో ఉన్నది నిజమేనా?" అన్నాడు. "అబద్దం. మా అవ్వకు మతి మంచిగనే ఉన్నది. నాకే లేకుండె," అన్నావు. బి.ఏ. దాకా చదువుకుని, కోర్టులో, ఇంటి భాషలో. నేను అవ్వ ముఖం చూడలేక నేల చూశాను. ఆమె నా మోకాలు మీద ఒక్కటి చరిచి, "నీకు ఎరుకేనా?" అన్నది. ఎరుకే అవ్వా, అన్నాను. ఇంకొకటి చరిచింది.

తర్వాత అందరం ఆవరణలోకొచ్చాం. కటికవాళ్ల మంద ముప్ఫైలో మన పద్నాలుగు కలిపారు. నీవు మొదటిసారి పిలిచినప్పుడు ఒక్కటీ కదల్లేదు. గుర్వయ్య నవ్వాడు. నీ భుజాలు దిగిపోవడం వెనక నుంచి కనబడింది. అప్పుడు నీకు వినబడలేదు గానీ, అవ్వ గుసగుసగా, "చివర్ల తెంపు బిడ్డా, చివర్ల తెంపు," అంటూనే ఉంది. నీవు రెండోసారి పిలిచావు. చివర తెంపావు. నల్లమూతిది తల ఎత్తింది.

ఆపైన నీవు చూసిందే. పద్నాలుగూ నీ వైపే వచ్చాయి. వాటి వెనక, చార్జిషీటులో ఎక్కడా లేని మూడు పిల్లలు, పటేలు దొడ్డిలో పుట్టి గోడ అవతలి గొంతునే ఎరిగినవి. ఈ మూడింటి మీద హక్కు ఎవరిదని గుర్వయ్య వకీలు అరగంట వాదించాడు. మేజిస్ట్రేటు ఓపిగ్గా విని, "తల్లినడగండి," అన్నాడు.

గుర్వయ్య మీద కేసు ఇంకా నడుస్తుంది. పోయిన ఎనిమిదింటికి పటేలు సంజాయిషీ ఇవ్వాలట. మంద మాత్రం ఆ సాయంత్రమే అవ్వ వెంట పోయింది. పోతూ పోతూ, నీవు బస్సెక్కావని తెలిసి, "పిలుపు నాదే. గొంతే జర బిగవట్టిండు," అన్నది. ఇది నిందో మెచ్చుకోలో తేల్చే అధికారం ఈ జూనియరుకు లేదు. శనివారం వస్తే సరిచేస్తానన్నది. కనుక రా.

ఇక అసలు సంగతి. నిన్న ఆ రోజు వాంగ్మూలానికి సర్టిఫైడు నకలు తీసుకుని మీ ఇంటికి వెళ్లాను. రాసింది అదే రజాక్ సాబ్, అదే కలం. అవ్వ గొర్రెల మధ్య కూర్చుని చదవమన్నది. ఇంగ్లీషు ముక్కలను తెలుగు చేసి చదివాను:

'సాక్షి పిలిచెను. గొర్రెలు వచ్చెను.'

"ఇంక?"

"గంతే అవ్వా."

ఆమె నా చేతిలోంచి కాగితం తీసుకుంది. తిప్పి వెనక చూసింది. వెనక ఏమీ లేదు. సిరా మరక ఉన్న గొంగడి కొంగులో మడిచి దాచుకుంటూ, వచ్చీరాని గొంతుతో అడిగింది:

"గీ రెండు ముక్కలు రాసేతందుకు వీళ్లకు పదహారు నెలలు పట్టిందారా?"

జవాబు నీకు తెలిస్తే రాయి.

జాఫర్